ఖాళీ టైమ్‌కి కూడా టార్గెట్లేనా

ఆఫీస్ నుంచి వచ్చి, వంట అయ్యి, పిల్లాడి హోంవర్క్ ఒక కొలిక్కి వచ్చాక నాకంటూ మిగిలేది రాత్రి ఎనిమిదిన్నర తర్వాత ఒక గంట, మహా అయితే గంటన్నర. ఆ గంట కోసం నా వాటర్ కలర్స్‌కీ నా వాకింగ్ షూస్‌కీ రోజూ తగువే. బొమ్మ ముందేసుకుని కూర్చుంటే ఇవాళ కూడా నడవలేదు అని లోపల పీకుతూ ఉంటుంది, షూస్ వేసుకుని కిందికి దిగితే సగంలో ఆగిన బొమ్మ గుర్తొస్తుంది. ఏది చేసినా ఇంకోటి ఎగ్గొట్టినట్టే. ఇది నా ఒక్కదాని గోల కాదు, వీణ నేర్చుకుంటున్న మా కొలీగ్, మగ్గం వర్క్ నేర్చుకున్న మా వదిన, గిటార్ కొని బీరువా వెనక పెట్టిన మా తమ్ముడు, అందరిదీ ఇదే కథ. దీనికి అందరూ చెప్పే మందు టైమ్ టేబుల్. సోమ, బుధ, శుక్రవారాలు ఇది, మంగళ, గురు, శనివారాలు అది, ఆదివారం రెండూ. నన్నడిగితే ఆ టైమ్ టేబులే అసలు జబ్బు. ఆఫీస్‌లో ఎలాగూ టార్గెట్లు, రివ్యూలు తప్పవు, మిగిలిన ఆ గంటకి కూడా అవే తెచ్చి తగిలించుకుంటే అది ఇంకో షిఫ్ట్ అవుతుంది తప్ప ఖాళీ టైమ్ ఎలా అవుతుంది?

ముందు నడక సంగతి. మన చేతికి ఉండే వాచీ రోజూ అడిగే పదివేల అడుగులు ఎక్కడ్నుంచి వచ్చాయో తెలుసా? 1964లో టోక్యోలో ఒలింపిక్స్ జరిగాయి, ఆ ఊపులో జపాన్‌లో ఒంటి మీద శ్రద్ధ పెరిగింది, 1965లో యమసా అనే గడియారాల కంపెనీ నడుముకి తగిలించుకునే అడుగుల మీటర్ ఒకటి అమ్మకానికి పెట్టి దాని పేరులోనే పదివేలు పెట్టేసింది. అంతే. పెద్ద వైద్య పరిశోధన చేసి తేల్చిన అంకె కాదు, నోటికి బాగా పలికే రౌండ్ ఫిగర్. తర్వాత ఎప్పటికో, 2019లో, హార్వర్డ్‌లో పనిచేసే ఐ-మిన్ లీ అనే ఆవిడ టీమ్ అమెరికాలో 16,741 మంది పెద్ద వయసు ఆడవాళ్ళ అడుగులు లెక్కపెట్టించింది, వాళ్ళ సగటు వయసు 72. రోజుకి 2,700 అడుగులు వేసేవాళ్ళతో పోలిస్తే 4,400 వేసేవాళ్ళలో మరణాలు బాగా తక్కువగా కనిపించాయి, 7,500 దాటాక ఆ తేడా ఇంక పెరగలేదు. అది పెద్దవాళ్ళ లెక్క, మనకి అచ్చంగా వర్తించకపోవచ్చు, అయినా మా అపార్ట్‌మెంట్‌లో రాత్రి పదింటికి డైనింగ్ టేబుల్ చుట్టూ ప్రదక్షిణాలు చేసి పదివేలు పూర్తి చేసుకుని పడుకునే పెద్దాయన ఒకరున్నారు, ఆయనకి ఈ సంగతి ఎవరైనా చెప్తే బావుండు. మోకాళ్ళ నొప్పులు కూడానూ పాపం.

ఇంక బొమ్మల సంగతి. మన దగ్గర ఎవరైనా ఏదన్నా బాగా చేస్తున్నారంటే చుట్టుపక్కలవాళ్ళ నోట్లోంచి వచ్చే మొదటి మాట "అబ్బ ఎంత బావుందో", వెంటనే రెండో మాట "అమ్మొచ్చు కదా". నేను ఒక వేపచెట్టు బొమ్మ వేసి ఫ్యామిలీ గ్రూప్‌లో పెడితే సాయంత్రానికల్లా మా పిన్ని ఫోన్ చేసింది, "పేజీ ఒకటి పెట్టవే, నాలుగు డబ్బులొస్తాయి, ఊరికే వేసి ఏం లాభం?" అని. పిన్నిని అనేదేముంది, ఊరికే చేసే పని మన ఇళ్ళల్లో ఎప్పుడూ అనుమానమే, ఆడపిల్ల కుట్టు నేర్చుకుంటే రేపు పనికొస్తుందని, మగపిల్లాడు క్రికెట్ ఆడితే స్పోర్ట్స్ కోటాలో సీటొస్తుందేమోనని. ఇష్టంగా ఉంది కాబట్టి చేస్తున్నాను అంటే ఎవరికీ సమాధానంలా వినపడదు.

1973లో అమెరికాలో మార్క్ లెపర్, ఇంకో ఇద్దరు సైకాలజిస్టులు నర్సరీ స్కూల్ పిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. బొమ్మలు వేయడమంటే అప్పటికే ఇష్టం ఉన్న పిల్లల్ని తీసుకుని, కొంతమందికి బొమ్మ వేస్తే రిబ్బన్ కట్టిన సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు, కొంతమందికి చెప్పకుండా తర్వాత ఇచ్చారు, మిగిలినవాళ్ళకి ఏమీ ఇవ్వలేదు. ఒకటి రెండు వారాలయ్యాక స్కూల్లో మళ్ళీ స్కెచ్ పెన్నులు పెట్టి చూస్తే, బహుమతి ఒప్పందం మీద వేసిన పిల్లలు బొమ్మల మీద గడిపిన టైమ్ మిగతావాళ్ళలో సగం దాకా పడిపోయింది. అనుకోకుండా సర్టిఫికెట్ అందుకున్న పిల్లలకి ఏమీ కాలేదు, హాయిగా వేసుకున్నారు. అంటే బహుమతి పాడు చెయ్యలేదు, దాని కోసమే వేస్తున్నాం అన్న ఆలోచన పాడు చేసింది. మా పిన్ని మాట విని పేజీ పెట్టి ఉంటే నా సంగతీ అంతే అయ్యేదని నా నమ్మకం, ఎందుకంటే లైక్‌లు రాని బొమ్మని మళ్ళీ ప్రేమగా చూడటం నాకు చాతకాదు.

బొమ్మలు వేరు, వ్యాయామం వేరు అనుకునేవాళ్ళకి ఇంకో పరిశోధన ఉంది, నాకు మరీ నచ్చిందది. డ్యూక్ యూనివర్సిటీలో జోర్డాన్ ఎట్కిన్ 2016లో వేసిన పేపర్. కొంతమందికి రంగులు వేసే పని ఇచ్చారు, కొంతమందిని నడవమన్నారు, చదువుకోవడం మీద కూడా చేశారు. ఎన్ని బొమ్మలకి రంగులేశారో, ఎన్ని అడుగులేశారో ఎప్పటికప్పుడు కనపడుతున్నవాళ్ళు ఎక్కువే చేశారు, కానీ వాళ్ళకి అందులో సరదా తగ్గిపోయింది, లెక్క తీసేశాక మళ్ళీ దాని జోలికెళ్ళడం కూడా తగ్గింది. బొమ్మలూ నడకా ఒకే పేపర్లో, ఒకే రకంగా చెడిపోయాయన్నమాట. ఎందుకంటే లెక్క కనపడేసరికి మనసు చేసేదాని మీద నుంచి ఎంత అయిందన్నదాని మీదకి పోతుంది, అప్పుడు అది పని అనిపిస్తుంది, పని అనిపించాక మానేయబుద్ధవుతుంది. ఇవాళ్టి లెక్క పెరిగి వచ్చే నెల నడకే ఆగిపోతే ఏం బావుకున్నట్టు?

ఇక్కడ ఒక అడ్డు ప్రశ్న వస్తుందని తెలుసు. "ఇష్టమైందే చెయ్యమంటే నేను సోఫాలో పడుకుని రీల్స్ చూస్తాను, అదే నాకిష్టం" అని మా తమ్ముడు అననే అన్నాడు. వాడికి నేను చెప్పింది ఇది. ఇష్టం వేరు, సుఖం వేరు. రీల్స్ చూసి గంట తర్వాత లేచినప్పుడు "అబ్బ ఎంత బావుందో" అని ఎవరైనా అనగా నేను వినలేదు. బావుందా అన్న ప్రశ్న మొదలుపెట్టేముందు కాదు, అయిపోయాక వేసుకోవాలి. మొదలుపెట్టేముందు ఏదైనా బరువుగానే ఉంటుంది, చాప పరుచుకోవడం బరువే, పాలెట్ కడగడం బరువే. కెనడాలో బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీ వాళ్ళు 2011లో ఇదే చూశారు, జనం వ్యాయామం ఎంత బావుంటుందో ముందుగా ఊహించమంటే తక్కువ ఊహిస్తారట, చేశాక అంతకన్నా ఎక్కువ బావుందంటారట, కారణం ఏంటంటే ఊహించేటప్పుడు మొదటి కొన్ని నిమిషాల అవస్థే కళ్ళ ముందు ఉంటుంది కాబట్టి. కాబట్టి మెట్లు దిగేదాకా వచ్చే బద్ధకాన్ని నమ్మక్కర్లేదు, తిరిగి ఎక్కేటప్పుడు ఎలా ఉందో దాన్ని నమ్మాలి. తిరిగి ఎక్కేటప్పుడు కూడా రోజూ ఏడుపే వస్తుంటే ఆ వ్యాయామం మీది కాదు, మార్చేయండి, అందులో సిగ్గేం లేదు.

జిమ్‌ని ఇష్టమైనదానితో ముడిపెట్టే చిట్కా ఒకటి ఈ మధ్య అందరూ చెప్తున్నారు, అమెరికాలో కేటీ మిల్క్‌మన్ అనే ప్రొఫెసర్ టీమ్ 2014లో ప్రచురించిన ప్రయోగం అది. కొంతమందికి మొదలుపెడితే వదలబుద్ధి కాని ఆడియో నవలలు జిమ్‌లో మాత్రమే వినేలా పెడితే వాళ్ళు మొదట్లో మిగతావాళ్ళకన్నా 51 శాతం ఎక్కువసార్లు జిమ్‌కొచ్చారు. బాగానే ఉంది, కానీ మధ్యలో నవంబర్‌లో థ్యాంక్స్‌గివింగ్ పండగ సెలవులొచ్చి వెళ్ళాక ఆ తేడా కరిగిపోయింది. నాకిది ఆశ్చర్యం అనిపించలేదు. చేదు మందుకి పైన బెల్లం పూస్తే బెల్లం నాకేసి మందు ఉమ్మేస్తాం. కైట్లిన్ వూలీ, ఆయలెట్ ఫిష్‌బాక్ అని ఇంకో ఇద్దరు న్యూ ఇయర్ తీర్మానాల మీద చేసిన పరిశోధన (2017) కూడా దీనికి దగ్గరగానే ఉంది, ఎప్పుడో వచ్చే లాభం గొప్పదని నమ్మినంత మాత్రాన జనం నిలబడలేదు, చేస్తున్నప్పుడే బావున్నది మాత్రమే నిలబడింది. లాభం కోసం మొదలుపెడతాం, బావుంటేనే కొనసాగిస్తాం.

అసలు వ్యాయామం ఒకవైపు, కళ ఒకవైపు అని గీత గీసుకుని తర్వాత రెండింటి మధ్య బ్యాలెన్స్ ఎలా అని తల పట్టుకోవడమే నాకు వింతగా అనిపిస్తుంది, అందులోనూ తెలుగువాళ్ళం అయ్యుండి. మా అత్తయ్యగారు రెండేళ్ళ కిందట మా నిజాంపేట అపార్ట్‌మెంట్ ఆడవాళ్ళతో కలిసి కోలాటం నేర్చుకోవడం మొదలుపెట్టారు. హైదరాబాద్‌లో ఇప్పుడు ఏ కాలనీలో చూసినా ఒక కోలాటం బ్యాచ్ ఉంది, గమనించారో లేదో. నేను మొదట ఊరికే చూడ్డానికి వెళ్ళాను, ఒకరోజు ఒకావిడ రాలేదని జతకి నన్ను నిలబెట్టారు. లోపల ఒక వరస, బయట ఒక వరస, రెండూ ఎదురెదురుగా తిరుగుతుంటాయి, మాస్టారు విజిల్ వేస్తే కోపు, అంటే అడుగుల వరస, మారాలి, వంగాలి, లేవాలి, పక్కకి తిరిగి ఎదుటావిడ కోలకి మన కోల తగిలించాలి, తాళం ఒక్క మాత్ర తప్పిందా వేళ్ళ కణుపుల మీద టక్కున పడుతుంది. ఆ దెబ్బ భయానికి మెదడు వేరే ఎక్కడికీ పోదు. ఆఫీస్ మెయిల్ గుర్తు రాదు, నడుము గుర్తు రాదు, టైమ్ అసలే గుర్తు రాదు. అయిపోయాక చూసుకుంటే జాకెట్లు తడిసి ముద్ద, ఆయాసం, నవ్వులు. అక్కడ అరవై దాటినవాళ్ళు నలుగురున్నారు, డాక్టర్ రోజూ నడవండమ్మా అంటే సంవత్సరాల తరబడి వినని మనుషులు. వాళ్ళని కోలాటం మానెయ్యమని చెప్పి చూడండి.

జడ కోలాటం అయితే ఇంకా గమ్మత్తు. పైనుంచి వేలాడే రంగురంగుల తాళ్ళు ఒక చేత్తో పట్టుకుని, ఒకరి కింద నుంచి ఒకరు దూరుతూ ఆడితే తాళ్ళన్నీ జడలా అల్లుకుంటాయి, తర్వాత ఆట వెనక్కి ఆడితే ఆ జడ విడిపోవాలి. ఒక్కరు తప్పినా చిక్కు పడి అందరూ ఆగిపోతారు. ఇది వ్యాయామమా, కళా, లెక్కలా, నాకైతే తెలీదు. కోలలతో ఆడే దండరాసకం గురించి జాయప సేనాని 13వ శతాబ్దంలోనే కాకతీయుల కాలంలో నృత్తరత్నావళి అనే నాట్య గ్రంథంలో రాశాడంటే, ఇది మన దగ్గర ఎంత పాతదో చూడండి. రాయలసీమ చెక్కభజన చూడండి, తెలంగాణలో డప్పు కొడుతూ ఎగిరేవాళ్ళని చూడండి, తొమ్మిది రోజులు చప్పట్లు కొడుతూ బతుకమ్మ చుట్టూ వంగి లేచే ఆడవాళ్ళని చూడండి. వీళ్ళెవరూ కార్డియో చేస్తున్నాం అనుకోలేదు. ఇవాళ కళ కోటా అయింది, ఇంక వ్యాయామం కోటా మిగిలింది అని లెక్కేసుకోలేదు.

మరీ కోలాటాన్ని ఆకాశానికెత్తుతున్నాను అనుకోకండి, దానికీ తెగులు పట్టింది ఒకసారి. కొంతమందికి రీల్ తియ్యాలన్న సరదా పుట్టింది, దాంతో అందరికీ ఒకే రంగు చీరలు, ముందు వరసలో ఎవరుండాలి, ఎవరు లావుగా కనపడుతున్నారు అన్న చర్చలు, ప్రాక్టీస్‌లో తప్పిన వాళ్ళ మీద విసుక్కోవడం. అరవై దాటిన ఆ నలుగురూ నెమ్మదిగా రావడం తగ్గించారు. మాస్టారే గొడవ సర్దారు, వీడియోలు పండగ రోజు మాత్రమే, మామూలు రోజుల్లో ఫోన్లు చెప్పుల దగ్గర పెట్టండమ్మా అన్నారు. ఎట్కిన్ పేపర్ ఆయన చదవలేదు, చదవాల్సిన అవసరమూ లేకపోయింది.

కోలాటం అందరికీ నచ్చాలని లేదు, మా ఆయనకి షటిల్ పిచ్చి. డెన్మార్క్‌లో కోపెన్‌హాగెన్ సిటీ హార్ట్ స్టడీ అని పాతికేళ్ళు జనాన్ని గమనించిన అధ్యయనం ఉంది, 2018లో ప్రచురించిన లెక్కల ప్రకారం ఏ వ్యాయామం లేనివాళ్ళకన్నా టెన్నిస్ ఆడేవాళ్ళు 9.7 ఏళ్ళు, బ్యాడ్మింటన్ ఆడేవాళ్ళు 6.2 ఏళ్ళు ఎక్కువ బతికినట్టు తేలింది, జిమ్ పరికరాలు చేసేవాళ్ళకి 1.5 ఏళ్ళే. ఈ లెక్క విన్నప్పటి నుంచి మా ఆయన్ని పట్టలేకపోతున్నాం. నిజానికి టెన్నిస్ ఆడేవాళ్ళకి డబ్బు, తీరిక ఎక్కువ ఉండి ఉండొచ్చు కాబట్టి ఆ తేడా అంతా ఆటదే అనలేం, కానీ పై వరసలో ఉన్నవన్నీ ఇంకో మనిషితో కలిసి ఆడేవి, చివర ఉన్నవి ఒంటరిగా చేసేవి అన్నది మాత్రం నాకు ఊరికే అలా జరిగిందేమో అనిపించదు.

ఇప్పుడు నా వాదనకి నిజంగా గట్టి అభ్యంతరం. షుగర్ ఉన్నవాళ్ళ మాటేమిటి? భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వాళ్ళ 2023 లెక్కల్లో దేశంలో పది కోట్ల మందికి పైగా షుగర్ ఉంది, వాళ్ళతో "మీకు బుద్ధి పుట్టినప్పుడు కదలండి" అనడం బాధ్యత లేని మాట. ఒప్పుకుంటాను. తిన్నాక పది నిమిషాలు నడిస్తే షుగర్ పెరగడం తగ్గుతుంది, అది నచ్చినా నచ్చకపోయినా చేసుకోవాల్సిందే. అలాగే కండలకి పని చెప్పే వ్యాయామం వారానికి రెండు రోజులన్నా ఉండాలని డబ్ల్యూహెచ్ఓ చెప్తుంది, నాకు గుంజీలంటే అసహ్యం, అయినా అన్నం కుక్కర్ విజిల్ వచ్చేలోపు వంటింట్లోనే తీసేస్తాను. పళ్ళు తోముకోవడం ఇష్టమా అని ఎవరైనా అడుగుతారా? ఇష్టం లేకపోయినా తప్పనివి కొన్ని ఉంటాయి, వాటిని చిన్నవిగా ఉంచాలి, వాటికి ఆ ఎనిమిదిన్నర గంట ఇవ్వకూడదు. డబ్ల్యూహెచ్ఓ కూడా 2020లో పాత పద్ధతి కాస్త సడలించింది, ఇదివరకు ఒక్కసారి కనీసం పది నిమిషాలు చేస్తేనే లెక్కలోకి వచ్చేది, ఇప్పుడు ఎంత కొద్దిసేపు చురుగ్గా కదిలినా వారం మొత్తం మీద 150 నిమిషాల్లో కలుస్తుంది. బస్టాప్ దాకా గబగబా నడిచినా, లిఫ్ట్ పనిచెయ్యక మెట్లెక్కినా కలుస్తుంది. ఆ తప్పనిసరి వాటా అలా పనుల మధ్యలో గడిచిపోతే మిగిలిన గంటలో బొమ్మ వేసినా, కోలలు పట్టుకున్నా నాకు అపరాధభావం అక్కర్లేదు.

ఇంకొక మాట చెప్పకపోతే ఈ వ్యాసం మగవాళ్ళు రాసినట్టుంటుంది. కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన టైమ్ యూజ్ సర్వేలో ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు దానికి రోజుకి 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు పెడుతున్నారని తేలింది. 201 నిమిషాల తేడా. వారానికి 70 గంటలు పనిచెయ్యాలని ఇన్ఫోసిస్ నారాయణ మూర్తి గారు 2023లో అన్నప్పుడు దేశమంతా వాదించుకుంది కానీ, ఆఫీసూ ఇల్లూ కలిపి ఆ 70 ఎప్పుడో దాటేసిన ఆడవాళ్ళు మా ఫ్లోర్‌లోనే ఉన్నారు. హాబీకీ వ్యాయామానికీ మధ్య బ్యాలెన్స్ కుదరట్లేదు అని ఆడవాళ్ళు అన్నప్పుడు చాలాసార్లు కుదరనిది వాటి మధ్య కాదు. మా ఇంట్లో రాత్రి గిన్నెలు మా ఆయన కడగడం మొదలుపెట్టాకే నాకా ఎనిమిదిన్నర వచ్చింది. అంతకుముందు తొమ్మిదిన్నర, నిద్ర కళ్ళు, ఇంకేం బొమ్మ.

రోజుకి ఇంత అని పంచుకోవడం మానేశాక బ్యాలెన్స్ దానంతటదే ఏడాది మీద కుదురుతోంది, దానికి ఎండా వానా కూడా సాయం చేస్తున్నాయి. ఏప్రిల్, మే నెలల్లో మా బాల్కనీలో వాష్, అంటే పలచటి రంగు పూత, వేస్తే కుంచె తిరిగి నీళ్ళలో ముంచేలోపే పేపర్ ఎండిపోతుంది, రంగు రంగులో కలవదు, అంచులు గీతలు కడతాయి, అందుకని ఆ రెండు నెలలు బొమ్మలు దాదాపు బంద్, రాత్రి చల్లబడ్డాక కోలాటం. వానాకాలంలో టెర్రస్ అంతా పాచి, జారి పడతామని కోలాటం ఆపేస్తాం, అప్పుడు పేపర్ ఎంతకీ ఆరదు, తడి మీద తడి వేసుకుంటూ మబ్బులు, చెరువులు వేసుకోవడానికి అంతకన్నా మంచి కాలం లేదు. దసరా ముందు నెలంతా ప్రాక్టీస్, రంగుల డబ్బా వైపే చూడను. కార్తీకంలో పొద్దున్నే చలిలో నడవబుద్ధవుతుంది, నడుస్తాను. పుష్యంలో ముగ్గులు, అదేంటో మరి, గొంతుకూర్చుని గంటసేపు చుక్కలు పెడితే తొడలు పట్టేస్తాయి, దాన్ని ఏ ఖాతాలో వెయ్యాలో నాకిప్పటికీ తేలలేదు.

ప్రస్తుతం మాకున్న సమస్య ఏంటంటే చోటు. కింద జిమ్‌లో ట్రెడ్‌మిల్స్ మీద బట్టలారేసినా అడిగేవాళ్ళు లేరు, టెర్రస్‌కి మాత్రం రాత్రి తొమ్మిదికి తాళం, కమ్యూనిటీ హాల్ ఫంక్షన్లకి తప్ప ఇవ్వరు. కోలల చప్పుడు అని మూడో ఫ్లోర్ వాళ్ళు కంప్లయింట్ ఇచ్చారు, అదీ న్యాయమే, వాళ్ళ పాపకి ఇంటర్ పరీక్షలు. ఆదివారం అసోసియేషన్ మీటింగ్‌లో హాల్ వారానికి మూడు రాత్రులు ఇవ్వమని అడగబోతున్నాం, అద్దె కట్టమంటే కడతాం. "దీనివల్ల సొసైటీకి ఏంటి ఉపయోగం?" అని సెక్రటరీగారు కచ్చితంగా అడుగుతారు. ఏమీ లేదండీ, మాకు బావుంటుంది అని చెప్తానంటున్నారు మా అత్తయ్యగారు.